దుబాయ్ కంపెనీ, తీర్చక్కర్లేని ‘అప్పు’: పన్ను నిజంగా తప్పుతుందా?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. ఉద్యోగం మానేసి రెండేళ్లుగా ఇంటి నుంచే ఒక లండన్ కంపెనీకి కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను. ఏడాదికి రూ.48 లక్షలు వస్తాయి. దుబాయ్‌లో నా పేర కంపెనీ పెట్టించి, క్లయింట్ డబ్బు అక్కడ వేయించి, దాన్ని నాకు ‘అప్పు’గా పంపే ఏర్పాటు చేస్తానని ఒక కన్సల్టెంట్ అంటున్నారు. అప్పు మీద పన్ను ఉండదట, అంతా లీగలేనట. ఫీజు 10 శాతం. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన ఇప్పటికే ఇలా చేస్తున్నారు. చేరమంటారా?

జవాబు: వద్దండి. చట్టం సంగతి తర్వాత, ముందు లెక్క చూడండి. ఆయన ఫీజు ఏడాదికి రూ.4.80 లక్షలు. మరి పద్ధతిగా కడితే పన్ను ఎంత? మీలాంటి ఐటీ నిపుణులకు 44ఏడీఏ పేరుతో అందరికీ తెలిసిన ప్రిజంప్టివ్ విధానం ఉంది. ఏడాది రాబడి రూ.50 లక్షలు దాటకపోతే (నగదు 5 శాతానికి మించకుంటే రూ.75 లక్షల వరకు) అందులో కనీసం సగాన్ని ఆదాయంగా చూపాలి. ఖర్చుల బిల్లులు దాచక్కర్లేదు. మీ విషయంలో అది రూ.24 లక్షలు. 2025-26 కొత్త విధానం శ్లాబుల్లో దానిపై పన్ను రూ.3 లక్షలు, సెస్‌తో రూ.3.12 లక్షలు. అంటే పన్ను ఎగ్గొట్టడానికి పన్ను కంటే రూ.1.68 లక్షలు ఎక్కువ ఇవ్వబోతున్నారు! గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే. ఆ కన్సల్టెంట్ మీకు 30 శాతం శ్లాబు ఒక్కటే చూపించి ఉంటారు.

ఇక ‘లీగల్’ మాట. ఏడాదిలో 182 రోజులు, ఆపైన ఇక్కడ ఉన్నవారు రెసిడెంట్లే. మీలా ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటున్నవారు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ లెక్క చెప్పాలి. దుబాయ్ రెసిడెన్స్ వీసా చేతిలో ఉన్నంత మాత్రాన ఇది మారదు. పైగా పని జరిగేది మారతహళ్లిలో, చేసేది మీరు. విదేశీ కంపెనీని పన్ను కోసం ఇక్కడి కంపెనీగా చూడాలా అని తేల్చే ‘ఎక్కడి నుంచి నడుపుతున్నారు’ అనే పరీక్ష, రూ.50 కోట్ల లోపు టర్నోవరున్నవాటికి వర్తించదని ఆ కన్సల్టెంట్ అనవచ్చు. అది నిజమే. కానీ దాంతో మీ కష్టార్జితం కంపెనీది అయిపోదు.

ఈ ‘అప్పు’ కిటుకు మీ క్లయింట్ దేశంలోనే ఏమైందో చెబుతాను. బ్రిటన్‌లో వేలమంది కాంట్రాక్టర్లు జీతం బదులు విదేశీ ట్రస్టుల నుంచి ‘అప్పులు’ తీసుకున్నారు. రేంజర్స్ ఫుట్‌బాల్ క్లబ్ కేసులో 2017 జూలైలో అక్కడి సుప్రీంకోర్టు, ట్రస్టు దారిలో తిప్పి ఇచ్చినా అది జీతమేనని తేల్చింది. ‘లోన్ చార్జ్’ అనే నిబంధన తెచ్చి, 2019 ఏప్రిల్ 5 నాటికి తీరకుండా మిగిలిన అప్పులను ఆదాయంగా పట్టి పన్ను వేశారు. ఎన్నో ఏళ్ల బాకీ ఒక్కసారిగా నెత్తిన పడింది. స్కీము అమ్మినవాళ్లలో చాలామంది అప్పటికే దుకాణం కట్టేశారు, నోటీసులు మాత్రం కాంట్రాక్టర్లకు వచ్చాయి. కొందరికైతే ఇంకో వింత అనుభవం. ఆ అప్పు పత్రాలు చేతులు మారి, కొత్తగా కొన్నవాళ్లు ‘మా బాకీ కట్టండి’ అంటూ వెంటపడ్డారు. కాగితం మీద అది అప్పే కదా మరి! మీరూ రేపు ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది: అది మీ సంపాదనైతే పన్ను కట్టాలి, అప్పైతే తీర్చాలి.

దుబాయ్ ఖాతా గురించి ఇక్కడెవరికి తెలుస్తుందిలే అనుకోకండి. బ్యాంకు ఖాతాల వివరాలను దేశాలు ఒకదానికొకటి తమంతట తామే పంపుకొంటున్నాయి. భారత్ 2017లో, యూఏఈ 2018లో ఇందులోకి వచ్చాయి. 2024 నవంబరులో విదేశీ ఆస్తులున్నవారికి ఆదాయపన్ను శాఖ ఎస్సెమ్మెస్‌లు, మెయిళ్లు పంపింది కూడా. మీ వ్యవహారం 2015 నల్లధనం చట్టం కిందికి వెళ్తే 30 శాతం పన్ను, దానికి మూడింతలు జరిమానా. రూ.48 లక్షలకు కట్టాల్సింది రూ.57.60 లక్షలు, అదీ ఒక్క ఏడాదికి. కావాలని ఎగ్గొట్టారని రుజువైతే మూడు నుంచి పదేళ్ల జైలు. విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) టెన్షన్ దీనికి అదనం.

మీ అపార్ట్‌మెంటాయనకు ఇంకా నోటీసు రాకపోతే అది ఆయనకు మిగిలిన గడువే. అసెస్‌మెంట్ ఏడాది (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరానికి తర్వాతి ఏడాది) ముగిశాక 48 నెలల వరకు, చూపని ఆదాయాన్ని చూపే అప్‌డేటెడ్ రిటర్న్ వేయవచ్చు. ఆలస్యాన్ని బట్టి 25 నుంచి 70 శాతం అదనపు పన్ను పడుతుంది. శాఖ నుంచి కబురు వచ్చాక ఆ దారి మూసుకుపోవచ్చు. విదేశీ పన్ను కేసులు చూసే సీఏను త్వరగా కలవమనండి.

మీరు క్లయింట్ డబ్బు నేరుగా ఇక్కడి ఖాతాకే వేయించుకోండి. ఇన్‌వాయిస్‌లు, బ్యాంకు ఇచ్చే రెమిటెన్స్ కాగితాలు భద్రంగా ఉంచండి. లండన్ కంపెనీ టీడీఎస్ కోయదు కాబట్టి అడ్వాన్స్ ట్యాక్స్ మొత్తం మార్చి 15 లోపు మీరే కట్టాలి. విదేశీ ఖాతా గానీ షేర్లు గానీ ఉంటే ప్రిజంప్టివ్ విధానంలో వేసే ఐటీఆర్-4 రిటర్న్ ఫారం పనికిరాదు, ఐటీఆర్-3లో విదేశీ ఆస్తుల పట్టిక (షెడ్యూల్ ఎఫ్ఏ) నింపాలి. ఒక్క విషయం మీరు రాయలేదు, జీఎస్టీ. సేవల రాబడి రూ.20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎగుమతి కాబట్టి ఎల్‌యూటీ అనే హామీ పత్రం ఇస్తే పన్ను పడదు. ఈ రెండేళ్లుగా అది లేకుండానే నడిపి ఉంటే, ఈ వారమే సీఏ దగ్గరికి వెళ్లండి.