రాళ్ల మధ్య జీవులు కనిపించాలంటే

పిల్లలతో రాళ్ల తీరానికి వెళ్తే అలలు తప్ప ఏమీ కనిపించలేదన్నారు కదండీ. మీరు వెళ్లింది పోటు సమయమై ఉంటుంది, అంటే నీరు ఒడ్డు మీదికి పెరిగే సమయం. నీరు వెనక్కి తగ్గడం ఆటు. చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు వస్తాయి. రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా. కాబట్టి నిన్నటి టైమ్ ఇవాళ పనికిరాదు, టైడ్ టేబుల్ (ఆటుపోట్ల సమయాల పట్టిక) చూసుకోండి. అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజుల్లో నీరు బాగా వెనక్కి వెళ్తుంది.

ఆటుకు గంట ముందే చేరి, రాళ్ల మధ్య నీరు నిలిచిన ఒక్క గుంట దగ్గర కదలకుండా కూర్చోండి. కాసేపటికి ఖాళీ శంఖాన్ని మోసుకుంటూ చిన్న పీత బయటికొస్తుంది. పువ్వులా విచ్చుకున్న సీ ఎనిమోన్ అనే సముద్ర జీవి తాకితే ముడుచుకుపోతుంది. పాపం, తాకకుండా చూడనివ్వండి. తిప్పిన రాయిని మళ్లీ అలాగే పెట్టించండి. నీరు తిరిగి పెరగడం మొదలవగానే ఒడ్డుకు వచ్చేయండి, ఆలస్యం వద్దు.