ఊరూ పేరూ లేని రాత పరువు తీస్తే చట్టం ఎంతవరకు ఆదుకుంటుంది?

ఆన్‌లైన్‌లో మన గురించి పేరు చెప్పకుండా అబద్ధం రాసినవారిని బయటకు రప్పించే హక్కు మనకు ఉండాలా, లేక ఆ చాటు కూడా వాక్ స్వాతంత్ర్యంలో భాగమేనా అని మీరు అడిగారు. నల్లగొండలో ఇదే విషయంపై జరిగిన ఒక విశ్వవిద్యాలయ చర్చావేదికలో డిగ్రీ కళాశాల అధ్యాపకుడిగా నేను పాల్గొన్నాను. అంతకుముందే మా ఇంట్లో ఇలాంటి అనుభవం ఒకటి ఎదురైంది. రెండూ చూశాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: రాసిన మనిషి ఎవరో తెలుసుకునే దారి ఉండి తీరాలి, కానీ అది న్యాయస్థానం గుండానే పోవాలి, అదీ ఫలానా వాక్యం అబద్ధమని బాధితుడు ముందుగా చూపగలిగినప్పుడే.

మా బావ మునుగోడు వైపు ఒక ఊళ్లో నీళ్ల ప్లాంటు నడుపుతాడు. ఫ్లోరైడ్ నీళ్లు ఈ ప్రాంతంలో ఎందరి ఎముకలను వంచాయో జిల్లావాళ్లకు చెప్పనక్కరలేదు; పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని మా పట్టణం పేరే పడింది. అటువంటి చోట ఒక పేరులేని ఖాతా నుంచి, ఈ ప్లాంటులో వట్టి బోరు నీళ్లే క్యాన్లలో నింపి అమ్ముతున్నారని, అవి తాగి పిల్లల పళ్లు పచ్చబడ్డాయని రాశారు. కొద్ది రోజుల్లోనే సగానికి సగం ఇళ్లవాళ్లు క్యాన్లు మాన్పించారు. పోలీసులకు చెప్పి ఆ రాతను తీయించమని చుట్టాలందరూ సలహా ఇచ్చారు.

మేము సంప్రదించిన వకీలు సాబ్ చెప్పింది వేరు. పరువునష్టం, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షన్ కింద నేరమే, రెండేళ్ల వరకు సాధారణ జైలు శిక్ష పడవచ్చు. అయితే పోలీసులు తమంతట తాము కేసు కట్టే నేరం కాదు, బాధితుడే మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు దాఖలు చేయాలి. పరిహారం కోరే సివిల్ దావాకైతే, ఆ రాత వెలువడిన నాటి నుంచి ఏడాది గడువు.

దావా సంగతి తర్వాత చూద్దామని బావ ముందు నీళ్లను ప్రయోగశాలకు పంపించాడు. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ వరకు సమ్మతం, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. మా నివేదిక ఆ మొదటి పరిమితికి లోపలే వచ్చింది. పైగా ఫ్లోరైడ్ వల్ల పళ్లు పాడవడమన్నది పసితనంలో, పళ్లు ఏర్పడే వయసులో, ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే జరిగేది. ప్లాంటు తెరిచి ఏడాది కూడా కాలేదు. ఈ రెండు విషయాలనూ, నివేదిక ఫొటోతో సహా, ఆ రాత కిందనే బావ తన పేరుతో పెట్టి, ఎవరైనా వచ్చి తమ చేతులతో నమూనా పట్టుకుపోవచ్చని రాశాడు. చాలామంది తిరిగి వచ్చారు, కొందరు రాలేదు.

ఆ రాత కింద ఇంకొకరు, అదీ పేరు చెప్పకుండానే, క్యాన్లు సరిగా కడగడం లేదని రాశారు. అది నిజం. బావ విచారించి పనివాళ్లను మార్చాడు. మొత్తం రాతను మొదటిరోజే తీయించి ఉంటే అబద్ధంతోపాటు ఆ నిజం కూడా పోయేది, ఊరు అవే క్యాన్ల నీళ్లు తాగుతూ ఉండేది. నా అభిప్రాయానికి అసలు మూలం ఇదే.

చర్చావేదికలో ఒక న్యాయశాస్త్ర అధ్యాపకులు, ఫిర్యాదు అందగానే రాతను తొలగించేలా సోషల్ మీడియా వేదికలను బాధ్యుల్ని చేయాలని గట్టిగా వాదించారు. దానికి ఒక విద్యార్థిని, హాస్టల్ భోజనం గురించి పేరు పెట్టి రాయాల్సివస్తే ఎవరూ రాయరని బదులిచ్చింది. నేను ఆ అమ్మాయి వైపే మాట్లాడాను. అమెరికాలో 1996 నాటి చట్టం, వాడుకరుల రాతలకు వేదికను దాదాపుగా బాధ్యత నుంచి తప్పించింది. అందుకే ఆటోఅడ్మిట్ అనే ఆన్‌లైన్ చర్చావేదికలో అసభ్యపు రాతలకు గురైన యేల్ న్యాయ విద్యార్థినులు 2007లో దావాను మారుపేర్ల వెనుక ఉన్నవారి మీదనే నడిపారు. అలా రాసినవారిలో ఒకరు తన గుర్తింపును దాచమని చేసిన అభ్యర్థనను 2008లో కోర్టు తోసిపుచ్చింది, అదీ పరువునష్టం జరిగిందనడానికి తగిన ప్రాథమిక ఆధారం ఉందని చూసిన తర్వాతే. ఈ క్రమం నాకు న్యాయంగా తోస్తుంది.

మన దేశంలోనూ 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఆన్‌లైన్ రాతలను శిక్షించే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను కొట్టివేస్తూ, కోర్టు ఉత్తర్వు గానీ ప్రభుత్వ ఆదేశం గానీ అందినప్పుడే వేదికకు తొలగించే బాధ్యత ఏర్పడుతుందని అదే చట్టంలోని 79వ సెక్షన్‌కు అర్థం చెప్పింది. నన్ను కలవరపెట్టేది మరొకటి: 2016లో అదే కోర్టు సమర్థించిన క్రిమినల్ పరువునష్టం చట్టంలో నిజం చెప్పడం ఒక్కటే చాలదు, అది ప్రజాహితం కోసమని కూడా చూపించాలి. సివిల్ దావాలో నిజమే పూర్తి రక్షణ. క్యాన్ల గురించి నిజం రాసిన మనిషిని ఎవరూ మేజిస్ట్రేటు ముందు నిలబెట్టగలిగే పరిస్థితి ఉండకూడదని నా గట్టి నమ్మకం.

మీ విషయానికి వస్తే, ముందుగా ఆ రాత లింకు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి భద్రపరచండి. కోర్టులో వాటికి, ఎలక్ట్రానిక్ ఆధారాన్ని ఎలా తీశారో తెలిపే, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం అడుగుతారు. వేదిక ఫిర్యాదుల అధికారికి రాస్తే, అందినట్టు 24 గంటల్లో తెలపాలన్నది 2021 నాటి ఐటీ నియమం. మార్ఫింగ్ చేసిన ఫొటోలో, లైంగిక బెదిరింపులో అయితే ఈ వాదాలేవీ వద్దు, ఆలస్యం చేయకుండా షీ టీమ్స్‌కు గానీ జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌కు గానీ ఫిర్యాదు చేయండి. మిగిలిన వాటిలో ఏ వాక్యం అబద్ధమో, ఏది కేవలం అభిప్రాయమో విడదీసి రాసుకుని వకీలు దగ్గరకు వెళ్లండి, అయితే ఆ ఏడాది గడువులో ఇప్పటికే ఎంత గడిచిందో ముందు చూసుకోండి.