సింహాల గుంపుకు తెలుగులో ప్రత్యేకమైన పేరు ఉందా?

సింహాలకు ప్రైడ్, కాకులకు మర్డర్ అంటూ ఇంగ్లిష్‌లో ఒక్కో జంతువు గుంపుకు ఒక్కో పేరుందే, తెలుగుకు ఆ భాగ్యం ఎందుకు లేదని అడిగారు. వన్యప్రాణుల కార్యక్రమాలకు తెలుగు వ్యాఖ్యానం రాయడం నా వృత్తి. ‘సింహాల గర్వం’ అని వచ్చిన అనువాదాలను దిద్దిన అనుభవంతో చెబుతున్నాను.

ఇంగ్లిష్‌ను చూసి అంతగా అసూయపడనక్కరలేదు. ఆ పేర్లలో చాలా వాటిని 1486లో అచ్చయిన ‘బుక్ ఆఫ్ సెయింట్ ఆల్బన్స్’ అనే వేట పుస్తకంలో జాబితాగా ఇచ్చారు. పెద్దింటి వేటగాళ్ల ముచ్చట అది. సన్యాసినుల గుంపుకు కూడా ‘అవసరానికి మించినవారు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారంటే అందులో వేళాకోళం ఎంతో ఊహించుకోండి. కాకులు కనబడితే మామూలు ఇంగ్లిష్‌వాడు ఫ్లాక్ అనే అంటాడు.

తెలుగులో చాలాసార్లు జంతువు కన్నా గుంపు తీరే ముఖ్యం. వరుస కడితే బారు: చీమల బారు, కొంగల బారు. పంట మీద పడితే దండు. 2020లో రాజస్థాన్, మధ్యప్రదేశ్, మహారాష్ట్రల మీద పడ్డ మిడతలను మన పత్రికలు దండు అనే రాశాయి. హిందీలోనూ ‘టిడ్డీ దళ్’. కోతులు చెట్టు మీద ఉన్నంతసేపూ గుంపే, మన ఇంటి పెంకులు పీకితే మూక!

ఇక మంద. కోతలయ్యాక మా ఊరి రైతులు గొర్రెల కాపరులను బతిమాలి మరీ చేలో మంద పెట్టించుకునేవారు. రాత్రంతా గొర్రెలు అక్కడే పడుకుంటే పెంటికలూ మూత్రమూ నేలకు ఎరువు. అందుకు కాపరికి ధాన్యమో డబ్బో ముట్టేది. మర్నాడు మంద పక్క మడిలోకి జరిగేది. తమిళంలో ‘మందై’ అంటే పశువులు చేరే ఊరి బయలు కూడా. కన్నడంలో ‘మందె’. ‘ఏనుగుల మంద’ అని ఎవరైనా రాస్తే నేను కొట్టేస్తాను. కాపరి ఏడీ?

జర్మన్లు పక్షులకూ చేపలకూ తేనెటీగలకూ కలిపి ‘ష్వార్మ్’ అంటారు, తోడేళ్లకూ జింకలకూ ‘రూడెల్’. జపనీయులకు దాదాపు అన్నింటికీ ‘మురె’ సరిపోతుంది.

మీ సింహాలకు గుంపు చాలు. కలిసి బతకడం గురించి చెప్పాల్సిన చోట నేను ‘సింహాల కుటుంబం’ అని రాస్తాను. అందులోని ఆడసింహాలు సాధారణంగా తల్లీకూతుళ్లో అక్కాచెల్లెళ్లో అయి ఉంటాయి కాబట్టి ఆ మాట అతుకుతుంది.