బాయికాడి ఉచిత కరెంటుతో బిట్‌కాయిన్ మైనింగ్ చేయవచ్చా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. బాయికాడ మా నాన్న పేరు మీద బోరు సర్వీసు ఉంది. మా బావమరిది రెండు బిట్‌కాయిన్ మైనింగ్ మిషన్లు కొని మోటారు గదిలో పెడదామంటున్నాడు. కరెంటు ఫ్రీ కాబట్టి వచ్చిందంతా లాభమేనట. చట్టప్రకారం ఇబ్బందేమైనా ఉందా?

జవాబు: ఉంది. మిషన్లు దించకముందే అడిగి మంచి పని చేశారు.

మైనింగ్, అంటే మిషన్లతో కంప్యూటర్ లెక్కలు చేయించి బిట్‌కాయిన్ అనే డిజిటల్ కాయిన్లు సంపాదించడం, మన దేశంలో నేరం కాదు. చిక్కంతా కరెంటు ఏ లైను నుంచి తీస్తున్నారన్న దగ్గరే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి రైతుకు 24 గంటలూ ఇస్తున్న ఉచిత కరెంటు సాగు కోసం. దాన్ని మరో పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వినియోగం. దురుద్దేశంతోనే వాడారని తేలితే 135వ సెక్షన్ కింద దొంగతనం, మూడేళ్ల దాకా జైలు. తీగకు కొండి తగిలిస్తే చెప్పేదే లేదు.

డబ్బు లెక్క చూడండి. 3,250 వాట్ల మిషన్ ఒక్కటి దాదాపు మీ 5 హెచ్‌పీ మోటారంత కరెంటు లాగుతుంది. మడి తడిస్తే మోటారు ఆపేస్తారు, మిషన్ రాత్రీపగలూ ఆగదు. రోజుకు 78 యూనిట్లు, రెండింటికి 156. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు, వర్తించే రేటుకు రెట్టింపు వేస్తారు. యూనిట్ 10 రూపాయలనుకున్నా 11 లక్షలు దాటుతుంది. తుది ఉత్తర్వు మీద అప్పీలుకు గడువు 30 రోజులే, అదీ సగం సొమ్ము ముందు కట్టాకే. ఈ బాధంతా సర్వీసు పేరున ఉన్న మీ నాన్నకు. బావమరిది పేరు ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు. బోరు సర్వీసు మీద కోళ్ల ఫారం నడిపిన ఒక రైతు కేసు చూశాను. తనిఖీకి వచ్చినవాళ్లు మోటారు ఆపించి, వైరులో పారే కరెంటును కొలిచే టాంగ్ టెస్టర్‌ను దాని చుట్టూ తగిలించి, అప్పటికీ కనిపించిన ఆంపియర్లను పంచనామాలో రాసుకున్నారు. ఆ ఒక్క వాక్యానికి ఆయన దగ్గర జవాబు లేకపోయింది. పైగా మీ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇంకా నలుగురి మోటార్లుంటాయి. యాసంగిలో అది కాలితే పొట్టకొచ్చిన వాళ్ల వరి ఎండుతుంది. నాకు జరిమానా కంటే ఇదే పెద్ద బాధ.

ఇంటి దగ్గర గృహజ్యోతి పథకం ఉచితంగా ఇచ్చే నెలకు 200 యూనిట్లు ఒక్క మిషన్‌కు మూడు రోజులకు సరిపోవు. దాటితే బిల్లంతా కట్టాలి. సోలార్ అంటారా, 3 కిలోవాట్ల ప్లాంటు రోజుకు సుమారు 12 యూనిట్లు ఇస్తుంది.

నిజాయితీగా కరెంటు కొంటే మిషన్‌కు రోజుకు 700, 800 రూపాయలు. 2024 ఏప్రిల్ నుంచి ఒక్కో బ్లాకుకు, అంటే లావాదేవీల ఒక కట్టను నమోదు చేసినందుకు, వచ్చేది 3.125 బిట్‌కాయిన్లే. ప్రపంచం మొత్తానికి రోజుకు దాదాపు 450 కొత్త కాయిన్లు, వాటికోసం చవక జలవిద్యుత్ పక్కనే వేల మిషన్లు పెట్టుకున్న కంపెనీలతో మీ రెండూ పోటీపడాలి. అమ్మితే లాభం మీద 30 శాతం పన్ను. మిషన్ ధరను అందులోంచి తీసివేయడం కుదరదని కేంద్రం 2022లో పార్లమెంటులోనే చెప్పింది.

అయినా చేయాలనుకుంటే అసలు పని ఏమిటో రాసి, కరెంటోళ్ల సెక్షన్ ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) వేరే సర్వీసు కోసం దరఖాస్తు ఇవ్వండి, రసీదు తీసుకోండి. బావమరిది ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే మిషన్లు అతని ఇంట్లోనే దించుకోమనండి.