కొత్త క్లస్టరులో తొలి వానాకాలం

చిరంజీవి బిడ్డకు,

వ్యవసాయ విస్తరణ అధికారిగా నీకు వరంగల్ ప్రాంతంలో క్లస్టరు ఇచ్చారని తెలిసి ఎంతో సంతోషించాను. సుమారు 5,000 ఎకరాలు ఒక్కదానివే చూడాలి కనుక, రైతుల సమావేశ మందిరమైన రైతు వేదికలో ఏం చెప్పాలన్న ఆలోచనకు ముందే, ఆ ఊళ్లలో ఎవరు ఎవరిని అడిగి సాగు చేస్తున్నారో తెలుసుకో.

పత్తి విత్తనంతో మొదలుపెట్టు. గ్లెన్ డేవిస్ స్టోన్ అనే మానవ శాస్త్రవేత్త వరంగల్ పల్లెల్లో తిరిగి 2007లో ప్రచురించిన పరిశోధనలో, ఊరంతా ఒకే రకం వెంటపడి, కొద్దికాలానికే దాన్ని వదిలేస్తున్నారనీ, ఆ ఎంపికకు సొంత చేలో చూసుకున్న అనుభవం కన్నా పక్కవారు కొన్నారన్న మాటే ఎక్కువ ఆధారమవుతోందనీ రాశారు. నా సేద్యంలోనూ చూసింది అదే. పక్క చేలో కాపు కనిపిస్తుంది గానీ, అది నల్లరేగడి అనీ, ఒక తడి ఎక్కువ పెట్టారనీ గట్టు మీది నుంచి కనిపించదు. విత్తనం పేరు అడిగిన రైతును, దాన్ని పండించిన రైతునూ ఒకే గట్టు మీద నిలబెట్టి, నేల గురించి, విత్తిన తేదీ గురించి నీవే అడుగుతూ మాట్లాడించు.

ఎరువుల దుకాణం మాట వింటున్నారని రైతులను తప్పుపట్టకు. 1997లో నా పత్తికి లద్దెపురుగు పట్టినప్పుడు, ఉద్దెర ఇచ్చిన దుకాణంలో చెప్పిన మందులన్నీ వరుసగా కొట్టాను. నేను బాకీ ఉన్నవాణ్ణి, కాదనలేకపోయాను, అడగడానికి మరో మనిషి కూడా లేడు. ఆ పంటకాలంలో పత్తి రైతుల చావులతో జిల్లా అల్లాడిపోయింది. అప్పుతో ముడిపడని మనిషి ఒక్కరైనా ప్రతి రైతుకూ ఉండాలి, బిడ్డా.

ఆ మనిషి చాలాసార్లు కూలికి వచ్చే ఆడమనిషే. పది చేలల్లో కలుపు తీసేవారికి గులాబీరంగు పురుగు పట్టి విచ్చుకోని గుడ్డిపూలు ముందుగా ఎక్కడ కనిపించాయో తెలుస్తుంది, కానీ పట్టా వారి పేరున లేనందున సమావేశానికి పిలుపు అందదు. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల పురుగుమందులు మానుకున్న ఊరిగా నిలిచిందంటే, మహిళా సంఘాలు పట్టుబట్టి వేపగింజల పొడి తయారీని చేతుల్లోకి తీసుకోవడం అందులో పెద్ద కారణం. కౌలు రైతుల సంగతీ ఇంతే. వారిని వెతుక్కుంటూ నీవే వెళ్లాలి.

మొదటి వారం సలహాలేవీ ఇవ్వకుండా, చేనుకు తెగులు వస్తే ఎవరిని అడుగుతారని ఇంటింటా అడిగి, రెండేసి పేర్లు రాసుకో. ఎవరి నోటా పేరు రానివారు ఏ వాడలో ఎక్కువగా ఉంటే, విత్తనాలకు ముందే ఆ వాడకు వెళ్లు.

ఆశీస్సులతో,
నీ పెద్దనాన్న