అల్లుడూ, మడ్ టైర్లు కొనేముందు ఇది చదువు

అల్లుడూ,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి వీడేదో బండికి ట్రాక్టర్ టైర్లు ఏపిస్తడంట జర నువ్వే చెప్పురా అన్నది, నవ్వొచ్చింది. నీ వీ-క్రాస్ పికప్‌కి ఎయ్యాలని పొద్దున నువ్వు వాట్సాప్‌ల పంపిన మడ్ టైర్ల ఫోటో చూసిన, అవే బురద కోసం పెద్ద గుబ్బలు ఉండేటియి. చూడనీకి మస్తున్నయి, నేను కాదంటలేను. నీ వయసుల నేను కూడా సోకు చూసి కొన్నోణ్ణే, అందుకే ఇంత పొడుగు రాస్తున్న, ఫోన్ల చెప్తే నువ్వు ఆ మామా ఆ మామా అని పెట్టేస్తవ్.

ముందు ఒక వారం నీ తిరుగుడు రాసుకో. మియాపూర్ నుంచి గచ్చిబౌలి రోజూ పోవుడు రావుడు, శనివారం చేవెళ్ల అవతల పొలం. అన్నీ కలిపి 300 కిలోమీటర్లు అనుకుందాం. తారు రోడ్డు దిగినంక మొరం బాట ఉంది, దాని మీద ఏ టైరైనా పోతది. అసలు సంగతి ఆఖరి అర కిలోమీటరు, ఆ నల్లరేగడి. అంటే పోను రాను వారానికి ఒక్క కిలోమీటరు బురద, అది కూడా వానలు పడ్డప్పుడే. ఆ ఒక్కదాని కోసం మిగతా 299 ఎట్ల గడుస్తదో చూస్కోవాలె గదా.

రేగడి సంగతి పట్నంల పుట్టినోడివి నీకు తెల్వదు. ఎర్ర చెల్క తడిస్తే నీళ్లు ఇంకిపోతయి, జరసేపటికి బాట గట్టిపడ్తది, ఏటీ టైర్లతోని (ఆల్ టెరైన్, అంటే రోడ్డుకూ మట్టికీ రెండిటికీ పనికొచ్చేటియి) హాయిగ పోవచ్చు. రేగడి అట్ల కాదు, అందుల బంకమన్ను ఎక్కువ, నీళ్లు తాగి ఉబ్బుతది, టైరు సందులల్ల జొన్నరొట్టె పిండి లెక్క అతుక్కుంటది, నాలుగు చుట్లు తిరిగేసరికి టైరు మొత్తం గుండు అయితది, ఇంక పట్టేడుంటది. మడ్ టైరు గొప్పతనం అక్కడనే ఉంది, గుబ్బల మధ్యన సందులు వెడల్పుగ ఉంటయి కాబట్టి జర రేస్ ఇచ్చి చక్రం తిప్పితే ఆ మట్టిని ఇసిరికొడ్తది. మెల్లగ పాకితే అది కూడా నిండిపోతది, ఈ సంగతి చానామందికి తెల్వదు, మడ్ టైర్లు ఏసుకొని నెమ్మదిగ పోయి దిగబడి టైరును తిడ్తరు. దుబ్బ నేలల మాత్రం ఉల్టా, అక్కడ రేస్ ఇస్తే బొంద తవ్వుకుంటది. ఇంక మోకాలు లోతు రేగడిల ఏ టైరూ ఏం చెయ్యలేదు, బండి పొట్ట ఆనిందంటే చక్రాలు ఊకె తిరుగుడే. ఒక్కరోజు ఎండ కొట్టినంక పో, పొలం ఏడికి పోదు.

ఇగ రోడ్డు మీద ఏమైతదో చెప్తా. బురదల పనికొచ్చిన ఆ సందులే ఇక్కడ ఎదురు తిరుగుతయి. తారుకు ఆనే రబ్బరు తక్కువ, గుబ్బల మీద సన్న కోతలు తక్కువ, తడి రోడ్డు మీద బ్రేక్ కొడితే బండి ఆగాల్సిన కాడ ఆగదు. నా పాత క్యాంపర్ పికప్‌కి మడ్ టైర్లు ఏపించిన కొత్తల, మొదటి వాన, మెహదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే దిగుతున్న, ఎనక డబ్బా ఖాళీ. ముందట ఆటో ఆగిందని బ్రేక్ తొక్కిన, ఎనక భాగం పక్కకు తన్నుకుంట పోయి డివైడర్‌కు జానెడు దూరంల ఆగింది. మీ అత్త పక్కనే ఉండె. ఇంటికొచ్చేదాక ఒక్క మాట మాట్లాడలే, అదే ఎక్కువ భయం అయింది నాకు. ఖాళీ పికప్‌కి ఎనక బరువు ఉండదు గాబట్టి ఏ టైరుకైనా జారుడు ఎక్కువే, మడ్ టైరుకు ఇంకింత ఎక్కువ.

మోత సంగతి అడగకు, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి 80 దాటితే పిండి గిర్నీల కూసున్నట్టే. డీజిల్ నాకు లీటరుకు కిలోమీటరున్నర తగ్గింది. గుబ్బలు ఒకపక్క ఎక్కువ ఒకపక్క తక్కువ అరుగుతయి, అప్పుడు మోత ఇంకా పెరుగుతది, అందుకే 5 వేల నుంచి 8 వేల కిలోమీటర్లకోసారి ముందువి ఎనకకు మార్పించాలె, నువ్వు చేస్తవా? నీ బైక్ సర్వీసింగ్ చూసిన నేను.

అందుకే నా మాటైతే, బండికి నాలుగు మంచి ఏటీ టైర్లు ఎయ్, మిగిలిన పైసలతోని ఆ అర కిలోమీటర్ల మరీ దిగబడే కాడ మొరం పోపియ్. లేదు మామా నాకు వానల్ల కూడా పైపులు, మోటర్ ఏసుకొని పోవాలె అంటవా, అప్పుడు మడ్ టైర్లు ఒక సెట్టు వేరే స్టీల్ రిమ్ముల మీద ఎక్కించి పెట్టుకో, మిరుగం కాడికెళ్లి దసరా దాక అవి, తర్వాత ఏటీ. ఖర్చు ఎక్కువే, కానీ రెండు సెట్లూ ఎక్కువ ఏండ్లు వస్తయి. ఏ సెట్టు ఉన్నా ఆ నాలుగు ఒక్క సైజు ఒక్క రకమే ఉండాలె, స్టెప్నీ కూడా ఆ సైజే. ముందొకటి ఎనకొకటి ఎత్తు ఉంటే ఫోర్ బై ఫోర్ (ఇంజన్ బలం నాలుగు చక్రాలకూ పోవుడు) ఏసినప్పుడు లోపలి గేర్ల మీద పడ్తది. ఆ ఫోర్ బై ఫోర్ ఎండిన తారు మీద ఎట్లయినా ఎయ్యొద్దు, నీ వీ-క్రాస్‌ది పార్ట్‌టైమ్ సిస్టమ్, అంటే అది ఏసినప్పుడు ముందు ఎనక చక్రాలు ఒక్క తీరుగనే తిరగాలె, జారని రోడ్డు మీద గేర్లు బిగుసుకుంటయి.

సైజు. నీది 255/60 ఆర్18, అందుల మడ్ టైర్లు దొరుకుడు తక్కువ, 265/60 ఆర్18 చూడు. టైరు ఎత్తు 763 మిల్లీమీటర్ల నుంచి 775 అయితది, మీటర్ల 100 చూపిస్తే అసలు 101న్నర పోతుంటవ్, అది పర్వాలేదు. బండి కింద ఎత్తు పెరిగేది మాత్రం 6 మిల్లీమీటర్లే, బండి లేస్తది అని నీ దోస్తులు చెప్పేది ఉత్త మాట. 285 వెడల్పుకి పోతే స్టీరింగ్ నిండ తిప్పినప్పుడు లోపల గీస్కుంటది, ఇన్సూరెన్స్ వాళ్లు ఒకదానికి పది అడుగుతరు, వద్దు.

టైరు పక్కన నెంబర్లు సదువు. 112 అని ఉంటే ఒక్క టైరు 1120 కిలోలు మోస్తది అని, కంపెనీ ఇచ్చినదానికంటె తక్కువది తీసుకోకు, నీది బరువేసే బండి. దాని పక్క అక్షరం స్పీడు, మడ్ టైర్లల్ల క్యూ (Q) ఎక్కువ కనిపిస్తది, అంటే గంటకు 160 కిలోమీటర్ల దాక. ఎల్‌టీ (లైట్ ట్రక్, బరువు బండ్లకు చేసినయి) అని రాసున్నయి పక్కగోడ గట్టిగ ఉంటయి, ఖాళీ బండిల ఎగిరేస్తయి గానీ మన దిక్కు అవే మంచియి. ఎందుకంటే మన పొలాలల్ల రాళ్లకంటె సర్కారు తుమ్మ ముండ్లు, పత్తి కట్టె కోసినంక మిగిలే మోడ్లు ఎక్కువ, అవి పక్కగోడల దిగితే పంచర్ వేసుడు ఉండదు, టైరు మార్చుడే.

ఆఖరుకు నాలుగంకెల నెంబర్ చూడు, 2324 అంటే 2024ల 23వ వారంల తయారైంది అని. నేను ఒకసారి డిస్కౌంట్ అని ఒక షాపోడు ఇచ్చినయి చూడకుంట ఎక్కించిన, నాలుగేండ్ల పాతయి, ఎండాకాలం ఎల్లకముందే పగుళ్లొచ్చినయి, పోయి అడిగితే వాడు గ్యారంటీ కార్డ్ ఏది అన్నడు.

టైర్లకు ముందు ఒక గాలి మీటరు, 12 వోల్టుల చిన్న కంప్రెసర్ కొను. బురదలకు దిగేముందు 20 పీఎస్ఐ కాడికి దించు, తారు ఎక్కంగనే మళ్ల నింపు. నింపకుంట ఓఆర్ఆర్ ఎక్కినవంటే, అక్కడ 120 లిమిట్, మెత్తటి టైరు వేడెక్కి పగులుతది. రోహిణి కార్తెల అయితే చెప్పనే వద్దు. అంత బుద్ధిగ గాలి దించి ఎక్కిస్తే ఇప్పుడున్న టైర్లతోనే సగం బాట దాటుతవ్, చూడు కావాలంటే.

ఆదివారం పొద్దున ఆరింటికి బండి తీసుకొని రా, ఎండ ఎక్కకముందు పొలం దాక పోయి ఆ రేగడిని ఇద్దరం ఒకసారి నడిచి చూసొద్దాం. అక్కను ఆవకాయ ఒక సీస పెట్టమను, పోయినేడు పంపింది సంక్రాంతికే అయిపోయింది.

మీ మామ