చంద్రగిరి వేస్తే కాఫీ రుచి తగ్గుతుందా?

పాడేరు దగ్గర 1,000 మీటర్ల ఎత్తులో ఎకరన్నర తోట ఉంది, పాత ఎస్.795 రకం కాఫీ మొక్కలు ముదిరిపోయాయి, వాటి చోట చంద్రగిరి అనే రకం పెడితే రుచి పడిపోతుందా అని అడిగారు. తేడా ఉంటుంది, కానీ మీరు భయపడుతున్నంత కాదు. కొత్త మొక్కల కోసమని నీడచెట్లు కొట్టేస్తే మాత్రం ఏ రకం పెట్టినా చెడుతుంది.

ఎస్.795 అంటే ఎస్.288కి కెంట్ రకాన్ని సంకరం చేసి తీసినది. 1940లలో కర్ణాటకలోని బాలెహొన్నూరు కాఫీ పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది. పొడుగు రకం. కప్పులో తియ్యదనం, సన్నని పులుపు ఉంటాయి. ఆకుతుప్పు తెగులును మొదట్లో తట్టుకున్నట్టు ఇప్పుడు తట్టుకోదు. చంద్రగిరి 2007లో విడుదలైంది. విల్లా సార్చి అనే పొట్టి అరబికాకి తిమోర్ హైబ్రిడ్‌ను కలిపారు. ఆ తిమోర్ హైబ్రిడ్ వంశంలో రోబస్టా ఉంది, అది రుచిలో అరబికా కన్నా తక్కువని పేరున్న మరో కాఫీ జాతి. తుప్పును ఆపే గుణం అక్కడిదే, ‘రుచి రాదు’ అన్న అపవాదు కూడా అక్కడిదే.

నిజానికి చిక్కంతా కాపు దగ్గర వస్తుంది. చంద్రగిరిలాంటి పొట్టి రకాలు కణుపు కణుపుకీ గుత్తులు కాస్తాయి. ఎండకు వదిలేసి, ఎరువు వేయకపోతే ఉన్న ఆకు ఆ కాపును మోయలేదు. కొమ్మల చివర్లు ఎండుతాయి, గింజ నిండకుండానే పండు రంగు తిరుగుతుంది. బకెట్ నీళ్లలో వేసి చూడండి, అలాంటివి తేలిపోతాయి. వాటిని కలిపేస్తే కాఫీలో వగరు, పచ్చిగడ్డి వాసన. తప్పు రకం మీదకి పోతుంది.

పూత నుంచి పండు దాకా అరబికాకి 8–9 నెలలు పడుతుంది. ఏజెన్సీలో పండే సమయానికి చలి రాత్రులు వస్తాయి కాబట్టి పండు నిదానంగా మాగి, గింజ గట్టిపడుతుంది, తీపి పడుతుంది. నీడ తీసేస్తే పగటి వేడికి ఆ లాభంలో చాలా భాగం పోతుంది. పైగా తెల్లకాండం తొలిచే పురుగు ఎండ తగిలే కాండం మీద బెరడు పగుళ్లలోనే గుడ్లు పెడుతుంది. సిల్వర్ ఓక్ మిరియం తీగకి బాగుంటుంది గాని దాని నీడ పలచన. కింది వరసలో పనసలాంటివి ఉంచండి. తొలకరికి కొమ్మలు కాస్త పలచన చేయండి. మరీ చీకటైతే పూత తగ్గుతుంది, తుప్పు పెరుగుతుంది.

తోటంతా ఒకేసారి పీకకండి. తేమ నిలిచి తుప్పు ఎక్కువగా వచ్చే పల్లపు భాగంలో చంద్రగిరి, గాలాడే పై భాగంలో మళ్లీ 795 పెట్టండి, నేనైతే ఇలాగే చెబుతాను. 795ని ఆరడుగుల ఎడంతో పెడితే ఎకరానికి 1,210 మొక్కలు పడతాయి. దాన్ని మొదట రెండున్నర అడుగుల దగ్గర, తర్వాత ఐదడుగుల దగ్గర తల తుంచాలి.

రెండు రకాలనూ వేర్వేరుగా కోసి వేర్వేరుగా ఆరబెట్టండి, అప్పుడే మీ తోటలో ఏది ఏమిటో తెలుస్తుంది. పూత విడతలుగా వస్తుంది కాబట్టి కోత మూడు నాలుగు విడతలు తప్పదు. కొమ్మ దూసేస్తే పచ్చివీ వచ్చేస్తాయి. కోసిన రోజే పల్పింగ్ చేయాలి, అంటే పండు తొక్క తీసేయాలి. గింజ మీది జిగురు పులిసి పోవడానికి 24–36 గంటలు, చలి ఎక్కువైతే ఇంకొంచెం పడుతుంది. గింజలు పిడికిట్లో రుద్దితే గులకరాళ్లలా గరగరమంటే కడిగేయండి. ఆలస్యమైతే పులిసిన వాసన పట్టుకుంటుంది, వేయించినా పోదు. మట్టి నేల మీద కాకుండా ఎత్తైన వల బల్లల మీద పలచగా పరచండి, రాత్రి కప్పండి, తేమ 10 శాతానికి వచ్చాక గోనెసంచుల్లో పోయండి. కోతలైన కొద్ది వారాలకే మిరియాలు కూడా వస్తాయి. వాటిని ఆ బల్లల మీదే ఆరబోయకండి, కాఫీ గింజ పక్కనున్న ఏ వాసననైనా లాగేసుకుంటుంది.